తప్పిపోయిన డేగ, పెద్దాయన ఫ్రీజరు

సౌదీ నుంచి వచ్చినవాడు కనపడితే మా నిర్మల్‌లో అందరూ ఒంటె సంగతే అడుగుతారు. అన్నేళ్ళు దమ్మాంలో ఉండి నేను ఒంటెను దగ్గరగా చూసింది రెండుసార్లు, రెండుసార్లూ అది అన్నం పళ్ళెంలోనే ఉంది. డేగతో మాత్రం ఒకే కారులో ప్రయాణం చేశాను. అది కిటికీ పక్కన దర్జాగా కూర్చుంది, నేను సామాన్ల మధ్య ఇరుక్కున్నాను. ఒంటె కథ లేదు గనక ఈ డేగ కథే చెప్తాను.

దమ్మాం: ఆకుపచ్చ కోసం వచ్చినవాడు

నా పేరు పోశెట్టి. అరబ్బీలో ‘ప’ అనే అక్షరం లేదు కాబట్టి అక్కడ నేను బోషెట్టిని. ఫ్రిజ్‌లు, ఏసీలు, కోల్డ్ స్టోరేజీ బండ్లు బాగుచేసే వర్క్‌షాప్‌లో మెకానిక్‌ని.

నితాఖత్ అనే రూలు వచ్చాక అక్కడ ప్రతి కంపెనీకి ఒక రంగు అంటుకుంది. సౌదీవాళ్ళను పనిలో పెట్టుకుంటే ఆకుపచ్చ, పెట్టుకోకపోతే ఎరుపు. ఎరుపైందంటే మాలాంటివాళ్ళు అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డులు రెన్యూవల్ కావు. మా కఫీల్, అంటే మమ్మల్ని వీసా మీద రప్పించిన యజమాని, ఎరుపు భయంతో ఫహద్ అనే కుర్రవాణ్ణి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. అతని పని ఆకుపచ్చగా ఉండటం. మొదట్లో ఆ పని చాలా శ్రద్ధగా చేశాడు. పొద్దెక్కాక వచ్చేవాడు, చాయ్ తాగేవాడు, ఫోన్ చూసుకునేవాడు, మధ్యాహ్నం నమాజుకు వెళ్ళి ఇక వచ్చేవాడు కాదు. తర్వాత్తర్వాత విసుగుపుట్టి నాకు పానాలు అందించడం మొదలుపెట్టాడు. ఓసారి కంప్రెసర్ పైపు ముట్టుకుని వేలు కాల్చుకున్నాడు. ఆ రోజు నుంచి మేం దోస్తులం. మా మధ్య నడిచేది సగం అరబ్బీ, సగం ఉర్దూ, చేతులతో కొంత. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

లెవీలు మొదలైన ఏడాది చలికాలం అది. మనిషికింత, భార్యకింత, పిల్లకింత అని కట్టలేక కుటుంబాలన్నీ ఇంటిదారి పట్టాయి. మా వీధిలో ఎటు చూసినా తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలే. పనులు తగ్గాయి. ఖాళీగా కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటే ఆ వీడియో వచ్చింది.

దేశంలో అందరికీ తెలిసిన ఒక పెద్దాయన. వ్యాపారాలు, దానధర్మాలు, పెద్ద పెద్ద విందులు. పేరెందుకు, పెద్దాయన అంటే చాలు. ఇసుక మీద జింకలను వరసలుగా పడుకోబెట్టి, మధ్యలో తుపాకీతో మోకాలి మీద కూర్చుని నవ్వుతున్నాడు. పెళ్ళి ఫోటోలో చుట్టాల్లాగా ఉన్నాయి ఆ జింకలు.

“మీవాళ్ళ వేటంటే ఇదేనా? మా దగ్గర మటన్ అంగట్లో కూడా ఇన్ని వేలాడవు,” అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. ఫహద్ మొహం చిన్నబోయింది. “మా ఖాలీ కూడా వేటగాడే,” అన్నాడు. ఖాలీ అంటే వాళ్ళ భాషలో మేనమామ. “ఆయన ఇలాంటివాడు కాదు.”

నేను నమ్మలేదు. మా ఊళ్ళో నాకు తెలిసిన వేటగాళ్ళు రెండు రకాలు. దొర జీపులో అడవికి పోయి దుప్పిని కొడితే అది షికారు, దాని తలకాయ గోడకెక్కేది. మా తాత ఉచ్చు పెట్టి కుందేలును పట్టుకుంటే అది కేసు, మా తాత ఠాణాకు ఎక్కేవాడు. ఇదే ఫహద్‌కు చెప్పాను.

“మూడో రకం కూడా ఉంది. గురువారం సాయంత్రం రెడీగా ఉండు,” అన్నాడు.

హుఫూఫ్: బుర్ఖా వేసుకున్న దానా

దమ్మాం నుంచి హుఫూఫ్‌కు దారంతా ఇసుక, కరెంటు తీగలు, మళ్ళీ ఇసుక. మధ్యలో పెట్రోల్ బంకు దగ్గర రియాలుకు ఒక కరక్ చాయ్. పాలు, చక్కెర, ఏలకులు కలిపి పగబట్టి మరిగిస్తారు దాన్ని. మన ఇరానీ హోటలువాళ్ళు తాగితే గౌరవంగా లేచి నిలబడతారు. హుఫూఫ్ దగ్గరపడుతుంటే ఉన్నట్టుండి ఖర్జూర తోటలు మొదలవుతాయి. అంత ఇసుక చూసిన కళ్ళకు ఆ పచ్చదనం దగ్గర ఒక్క నిమిషం ఆగబుద్ధి అవుతుంది.

ఫహద్ మేనమామ పేరు అబూ సాలిం. నీళ్ళ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. బక్కపల్చటి మనిషి, గడ్డానికి ఎర్రగా గోరింటాకు. అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో గోడవెంట మెత్తలు, మధ్యలో కాఫీ. గది మూలన చిన్న కర్రస్తంభం మీద డేగ కూర్చుని ఉంది, కళ్ళమీద తోలు టోపీతో. ఆ టోపీని వాళ్ళు బుర్ఖా అంటారు. డేగ పేరు దానా. అంటే ముత్యమట. మా దగ్గర దాణా అంటే కోళ్ళకు వేసేదని చెబితే ఫహద్ మొహమాటపడి మామకు ఆ మాట చెప్పలేదు.

అక్కడ నా మొదటి తప్పు జరిగింది. పసుప్పచ్చటి కాఫీ, చేదు, చిట్టి కప్పులో. ఇక చాలు అంటే కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. నాకు తెలీదు. మర్యాదగా ఖాళీ చేస్తున్నాను, ఆయన మర్యాదగా నింపుతున్నాడు. కడుపులో కాఫీ గుడగుడలాడేదాకా అలా సాగింది. చివరికి ఫహద్ నా మణికట్టు పట్టుకుని ఊపాడు. ముసలాయన అప్పుడు మొదటిసారి నవ్వాడు.

“మా ఇళ్ళలో కప్పు కూడా మాట్లాడుతుంది,” అన్నాడు. “ఊపితే చాలని. తాగకుండా కింద పెడితే మాత్రం పెద్దమాట. నీతో నాకో పని ఉంది, అది తీరేదాకా తాగను అని. అప్పుడు ఇంటాయన తీర్చి తీరాలి.”

భోజనానికి హసావీ బియ్యం. ఎర్రగా ఉంటుంది, కిలో ధర వింటే మన సన్నబియ్యం సిగ్గుపడుతుంది. పైన మాంసం, పక్కన ఖర్జూరం. అంకాపూర్ కోడికూర తిన్న నాలుకకు కారం చాలలేదు గానీ, నేను పళ్ళెం దగ్గర అందరికన్నా ఆఖరున లేచాను.

తిన్నాక అబూ సాలిం తన గోడు చెప్పాడు. ప్రతి చలికాలం దగ్గర్లోని బడివాళ్ళు ఆయన్ను పిలిచేవాళ్ళు. దానాను చేతి మీద పెట్టుకుని వెళ్ళి పిల్లలకు చూపించేవాడు. ఆ వీడియో తర్వాత ఈ ఏడు పిలవలేదు. డేగతో సందులోకి వస్తే పిల్లలు “జింకల దొంగ!” అని అరిచి పరుగెత్తుతున్నారట.

“నేను పుట్టిన్నుంచి ఒక్క జింకను చంపలేదు. ఎవడో చంపితే ఆ రక్తం నా గడ్డానికి అంటింది,” అన్నాడు.

“గోరింటాకు చూసి అనుకున్నారేమో, ఖాలీ,” అన్నాడు ఫహద్.

మెత్త ఒకటి వచ్చి ఫహద్ మొహానికి తగిలింది.

చెక్‌పోస్టు: ఎవరి కాగితాలు వాళ్ళవి

పొద్దున్నే ఎడారికి బయల్దేరాం. ముందు సీట్లో మామా అల్లుళ్ళు, వెనక నేనూ, దానా. చెక్‌పోస్టులో పోలీసు కాగితాలడిగాడు. అబూ సాలిం జేబులోంచి ఒక పాస్‌పోర్టు తీశాడు. దానాది! పేరు, రంగు, పుట్టిన దేశం, అన్నీ ఉన్నాయి. పోలీసు పుస్తకాన్నీ డేగనూ మార్చి మార్చి చూసి దానాకు తిరిగిచ్చినంత మర్యాదగా తిరిగిచ్చాడు. నా పాస్‌పోర్టు ఎప్పటిలాగే కఫీల్ బీరువాలో ఉంది. నేను ప్లాస్టిక్ ఇఖామా కార్డు చూపించాను. ఆ కారులో సొంత పాస్‌పోర్టుతో తిరుగుతున్న విదేశీ ప్రయాణికురాలు దానా ఒక్కతే.

పోలీసు వెనక్కి వచ్చి డిక్కీ తట్టాడు. “తెరవండి. జింకలున్నాయా?”

అందులో ఉన్నది టెంటు, వంటసామాను, ఐస్ పెట్టెలో మసాలా పట్టించిన కోడి. చూసి వదిలేశాడు. కారు కదిలాక అబూ సాలిం అద్దంలో ఆ పోలీసు వైపే చూశాడు. తర్వాత అన్నాడు, “పోయినేడు ఇదే చోట పోలీసులు దానాతో ఫోటో దిగుతామని బతిమాలారు.”

ఎడారి: కుందేలుకు సలాం

ఎడారంటే మంటలనుకునేవాళ్ళు ఒకసారి జనవరి పొద్దున అక్కడికి వెళ్ళాలి. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. మా నిర్మల్ చలి దీని ముందు ఎండాకాలం.

అబూ సాలిం వేటకు పద్ధతులున్నాయి. సర్కారు అనుమతి ఉన్న చోటే వేట. తుపాకీ లేదు. ఒక డేగ, ఒక కుందేలు, అంతే. దొరక్కపోతే కుందేలుకు సలాం కొట్టి చాయ్ పెట్టుకోవడమే. దూరంగా ఒక కంచె కనిపిస్తోంది. దాని అవతల రక్షిత ప్రాంతం, జింకలను తిరిగి పెంచుతున్నారు. ఆయన బండిని ఆ వైపు కనీసం తిప్పను కూడా తిప్పడు.

కుందేలు లేచింది. ఆయన దానా బుర్ఖా తీసి వదిలాడు. చెప్పొద్దూ, ఆ క్షణం నా గుండె కూడా దాంతోపాటు ఎగిరింది. రెక్కలు ఇంత ముడుచుకుని, విసిరిన రాయిలా దిగింది. కుందేలు ఆఖరి క్షణంలో ఎడమకు గెంతి ముళ్ళపొదలో దూరింది. దానా పట్టు జారి ఇసుకలో పొర్లింది. లేచి నిలబడి, ఈకలు దులుపుకుని, మా ముగ్గురినీ ఒకసారి చూసి, తప్పంతా మాదే అయినట్టు ఎగిరి వెళ్ళిపోయింది.

ఈలలు వేశాడు, తాడుకు మాంసం కట్టి తిప్పాడు, “దానా! దానా!” అని అరిచాడు. రాలేదు.

డేగ తోకకు చిన్న ట్రాన్స్‌మిటర్ కట్టి ఉంటుంది. దాన్ని పట్టుకునే యాంటెన్నా నా చేతికిచ్చారు. అచ్చం ఒకప్పటి మన డాబాల మీది టీవీ యాంటెన్నాయే. కారు పైకప్పులోంచి నిలబడి దాన్ని తిప్పుతూ నేను, లోపల, సిగ్నల్ అందితే కూతపెట్టే డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఫహద్.

“వచ్చిందా?”

“ఇంకొంచెం అటు!”

“ఇప్పుడు?”

“వచ్చింది, వచ్చింది... పోయింది!”

మా ఇంట్లో ప్రతి ఆదివారం జరిగిన సంభాషణే ఇది. మధ్యలో కారు ఇసుకలో దిగబడింది. నేను వెనకనుంచి తోస్తుంటే ఫహద్ ఒక్కసారిగా ఎక్సలరేటర్ తొక్కాడు. చక్రాల కింది ఇసుకంతా నా నోట్లోకి వచ్చింది. మధ్యాహ్నం దాటేసరికి ఆ కూతల శబ్దం మమ్మల్ని కంచె వెంబడి నడిపించుకుంటూ ఒక పెద్ద క్యాంపు దగ్గరికి తెచ్చింది.

పెద్దాయన డేరాలు

తెల్లటి డేరాలు, లోపల తివాచీలు, జనరేటర్లు, వరసగా కార్లు. వెనకవైపు ఒక ఫ్రీజర్ బండి. దాని నెత్తిమీద దానా! బండి పక్కన ఎవరో మాంసం తుక్కు పారేశారు, దానికోసం దిగినట్టుంది.

అబూ సాలిం ముందు డేరాకు వెళ్ళి సలాం చెప్పాలి, అది మర్యాద. ఫహద్ కూడా వెళ్ళాడు. నన్ను డేగకు కాపలా పెట్టారు. నేను కిందనుంచి చేతులు జోడించి, “దిగవే తల్లీ, నీకు దండం పెడతా,” అన్నాను.

వెనకనుంచి మాట వినిపించింది. “ఓ తమ్మీ! మనోనివే గదా!”

తిరిగి చూస్తే ఏప్రాన్ కట్టుకున్న పెద్దమనిషి, చేతిలో గరిటె. జగిత్యాల దిక్కు గంగారాం. క్యాంపులో వంట చేస్తాడు.

“ఏ ఊరు కాకా?” అని మొదలుపెట్టి, ఐదు నిమిషాల్లో మేం దూరపు చుట్టాలమని తేల్చుకున్నాం. మా మేనత్తను ఇచ్చిన ఊళ్ళోనే ఆయన చెల్లెను ఇచ్చారు. ఎడారిలో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

“ఏం పని జేస్తవ్ తమ్మీ?”

“ఫ్రిజ్‌లు, ఫ్రీజర్లు చేస్త కాకా.”

అనకుండా ఉండాల్సింది. గంగారాం పక్కనే క్యాంపు మేనేజర్ నిలబడి ఉన్నాడు. తెలుగు రాదు గానీ ‘ఫ్రీజర్’ అర్థమైంది. క్షణాల్లో నన్ను డేరాలోకి తీసుకెళ్ళారు.

అక్కడ చూశాను పెద్దాయనను. వీడియోలో కన్నా అందంగా ఉన్నాడు. అత్తరు వాసన, మెత్తటి మాట. అబూ సాలింను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. నన్ను చూసి, “మా ఫ్రీజర్ పొద్దుటినుంచి చల్లబడటం లేదు. అల్లా నిన్ను పంపాడు,” అన్నాడు.

అల్లా పంపాడో, దానా తెచ్చిందో గానీ నేను గుమ్మం వైపు ఒక అడుగు వెనక్కి వేశాను. సొంత కఫీల్ దగ్గర కాక వేరేచోట పనిచేస్తూ దొరికితే ఆ రోజుల్లో నేరుగా ఇంటికే. ఫహద్ నా తరఫున ఏదో అనబోయాడు. “ఒక్కసారి చూడమంటున్నానంతే,” అని నవ్వాడు పెద్దాయన. ఆ నవ్వుకు ఎదురు చెప్పేవాళ్ళు ఆ డేరాలో ఎవరూ ఉన్నట్టు లేదు.

ఫ్రీజరు తలుపు

గంగారాం తలుపు తెరిచాడు. లోపల జింకలు. పెద్దవి, ఇంకా కొమ్ములు రానివి, కాళ్ళు కట్టేసి ఒకదాని మీద ఒకటి. మరోపక్క గోనెసంచుల్లో హుబారాలు. మన బట్టమేకపిట్ట లాంటి పక్షి అది, అక్కడా అరుదే. వీడియోలో చూసి జోకు వేసినవాణ్ణి నేను. అక్కడ వాటిని లెక్కపెట్టబోయి మధ్యలోనే ఆపేశాను.

“కంచె లోపలియేనా కాకా?”

“కాకుంటే? రోజు పొద్దుగాల పోతరు, బండ్ల మీదికెల్లి కాలుస్తరు. ఇరవై మంది తినేదానికి గిన్ని ఎందుకు బిడ్డా? ఫోటోలకు.” గొంతు తగ్గించాడు. “మొన్న గస్తీ బండి దూరంగ కనవడ్డది. గప్పుడు మేనేజర్ అన్నడు, వాళ్ళొస్తే గీ బండి వంటోనిదని చెప్తం, నువ్వే కొనుక్కొచ్చినవని ఒప్పుకో, జైలుకెల్లి మేం ఇడిపిస్తం అని.”

“నువ్వేమన్నవ్?”

“ఏమంట? నా పాస్‌పోర్టు ఆయన కార్లనే ఉండె. పారిపోతరని అందరివీ ఆడనే పెట్టిండు. కిందికి ఇసుక, మీదికి దేవుడు.”

నేను మెషిన్ వైపు తిరిగాను. ఫ్యాన్ కెపాసిటర్ పోయింది, అంతే. బాగుచేయకుండా, దమ్మాం నుంచి పార్టు తేవాలని చెప్పి తప్పుకోవచ్చు. బుద్ధి అదే చెప్పింది. కానీ పాడైన మెషిన్ ముందు నిలబడితే నా చేతులు నా మాట వినవు. పక్కన మూలపడ్డ పాత ఏసీలోంచి ఒక కెపాసిటర్ పీకి వేశాను. ఫ్యాన్ తిరిగింది. చల్లగాలి జింకల మీదికి వీచింది. నన్ను నేనే తిట్టుకుంటూ డేరాలోకి వెళ్ళాను.

తాగని కాఫీ

అప్పటికి లోపల వేరే మాట నడుస్తోంది. పెద్దాయన అబూ సాలిం భుజం మీద చెయ్యి వేసి అంటున్నాడు, “జనం నన్ను అపార్థం చేసుకున్నారు. ఆ జింకలు ఒక ఫారంలో కొన్నవి. మీలాంటి పెద్దమనిషి నా పక్కన కూర్చుని, ఇది మన తాతల సంప్రదాయం అని నాలుగు మాటలు చెబితే చాలు. మావాళ్ళు వీడియో తీస్తారు. బయట నా దగ్గర ఒక షాహీన్ డేగ ఉంది, చిన్నపిల్ల. అది మీకు కానుక.”

ముసలాయన కళ్ళు ఒక్క క్షణం డేరా బయటికి వెళ్ళొచ్చాయి. షాహీన్ డేగంటే అక్కడ ఒక కారు ధర. నేను ఫహద్ పక్కన కూలబడి చెవిలో చెప్పాను, “నిండా జింకలు. పిల్లలు కూడా. దొరికితే వంటాయన పేరు చెప్తారట.” ఫహద్ పాలిపోయి, మామ వైపు వంగి అదే గుసగుసలాడాడు.

అబూ సాలిం చేతిలో అప్పుడే పోసిన కాఫీ ఉంది. ఆయన దాన్ని నోటిదాకా తెచ్చి, ఆగి, తివాచీ మీద పెట్టాడు.

అతిథులందరి చూపూ ఆ చిట్టి కప్పు మీదే. పెద్దాయన నవ్వు కొంచెం సన్నబడింది. “తాగండి. మీరేది అడిగినా ఇచ్చాను,” అన్నాడు. ఆ మాట అనక తప్పదు ఆయనకు, అందరూ చూస్తున్నారు.

“ఆ వంటాయనను నాకు ఇవ్వు. అతని పాస్‌పోర్టుతో సహా, ఇప్పుడే.”

ఒక్క క్షణం తర్వాత పెద్దాయన పగలబడి నవ్వాడు. “వంటవాడా! నేను షాహీన్‌లు రెండు అడుగుతారనుకున్నా!” మేనేజర్‌కు సైగ చేశాడు. మేనేజర్ మొహం మాడ్చుకుని కారు దగ్గరికి వెళ్ళి పాస్‌పోర్టు తెచ్చాడు. అబూ సాలిం దాన్ని జేబులో, దానా పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని కాఫీ తాగాడు. కప్పు ఊపి తిరిగిచ్చాడు.

“మరి వీడియో?”

“నేను వేటగాణ్ణి. నటించడం రాదు,” అని లేచాడు.

బయట గంగారాంకు సంగతి చెబితే నమ్మలేదు. గరిటె ఎక్కడ పెట్టాలో తెలీక నాలుగు దిక్కులూ చూశాడు. తర్వాత చిన్న కోడిముక్క పైకి చూపిస్తూ, “రా బిడ్డా, రా,” అన్నాడు. మాకు గంటసేపు దిగని దానా చక్కా వచ్చి ఆయన ముందు వాలింది.

గస్తీవాళ్ళ గది

పొద్దు ఇంకా ఉంది. కంచె గేటు పక్కన గస్తీవాళ్ళ గది కనిపించగానే అబూ సాలిం ఆపమన్నాడు. ఫహద్ బ్రేకు తొక్కలేదు.

“ఖాలీ, ఆయనెవరో తెలుసా? నా ఉద్యోగం పోతుంది.”

“నీ ఉద్యోగం ఆకుపచ్చగా ఉండటమే కదా. ఇంట్లో కూర్చుని కూడా ఉండొచ్చు. ఆపు.”

ఆగాం. లోపల ఇద్దరు, పొయ్యి మీద కెటిల్. ముసలాయన నోరు తెరిచేలోపే డేగను చూసి బయటికి వచ్చి మా బండిని సోదా చేయడం మొదలుపెట్టారు. ఐస్ పెట్టె తెరిచి పొద్దుటి కోడిని పైకెత్తి పట్టుకున్నాడు ఒకడు.

“ఇదేం పక్షి?”

“కోడి,” అన్నాడు ఫహద్.

“ఎక్కడ పట్టారు?”

“హుఫూఫ్ సూపర్‌మార్కెట్‌లో.”

గంగారాం నవ్వు ఆపుకోలేక కారు వెనక్కి వెళ్ళాడు. అబూ సాలిం మాత్రం నవ్వలేదు. ఆ కోడి పెట్టెలోకి వెళ్ళేదాకా ఓపిగ్గా నిలబడి, తర్వాత చెప్పాడు. ఎక్కడ, ఎవరు, బండిలో ఏముంది, అంతా. ఎవరు అనే మాట దగ్గర ఇద్దరూ కెటిల్ సంగతి మర్చిపోయారు. అది పొంగి పొయ్యిని ఆర్పేసింది.

ఆ గస్తీవాళ్ళిద్దరిలో పెద్దవాడు అడిగాడు, “చెప్పిందెవరంటే మీ పేరు చెప్పొచ్చా?”

అబూ సాలిం తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, తెగ పేరు చెప్పాడు. ఒకసారి వినపడలేదేమోనని మళ్ళీ చెప్పాడు.

“పెద్దవాళ్ళ మీద మాకు ఫోన్లు వస్తుంటాయి, పేరు చెప్పకుండా పెట్టేస్తారు. మొహం తీసుకుని వచ్చింది మీరే,” అన్నాడతను, వైర్‌లెస్ అందుకుంటూ.

మేం కదిలేసరికి రెండు బండ్లు దుమ్ము లేపుకుంటూ క్యాంపు వైపు వెళ్తున్నాయి. దారిలో గస్తీవాళ్ళ దగ్గర్నుంచి ఫహద్ ఫోన్‌కు కబురొచ్చింది. మేనేజర్ ఫ్రీజర్ బండిని తప్పించబోయి ఇసుకలో దించాడట. లోపల సరుకంతా గట్టిగా మంచుకట్టి, ఒక్కటీ పాడవకుండా, లెక్కకు సిద్ధంగా దొరికిందట. కారులో ముగ్గురూ నావైపు చూశారు. నేను వినయంగా తల వంచాను.

మళ్ళీ హుఫూఫ్: నిండు పళ్ళెం

మర్నాడు వార్తల్లో ‘ఒక పౌరుడు’ దొరికాడని వచ్చింది. పేరు వేయలేదు. వేయకపోయినా ఊరంతటికీ తెలుసు. చెప్పిందెవరో కూడా తెలుసు. పొద్దుటినుంచి అబూ సాలిం ఫోన్ మోగుతూనే ఉంది. తోటి వేటగాళ్ళే. ఒకడు ‘ఇంటి గుట్టు బయట పెట్టావు’ అన్నాడు. ఇంకొకడు ‘ఇక మా అందరి లైసెన్సులూ పోతాయి, సంతోషమేనా’ అన్నాడు. ఆయన ఫోన్‌ను మెత్త కిందికి తోసేశాడు.

శనివారం మధ్యాహ్నం ఆయన మజ్లిస్‌లో డేగలవాళ్ళంతా భోజనానికి చేరడం ఎప్పటి ఆనవాయితీయో. లోపలినుంచి ఎప్పటిలాగే పెద్ద పళ్ళెం వచ్చింది, పదిహేనుమందికి సరిపడా. దాని చుట్టూ మేం నలుగురం. తలుపు తెరిచే ఉంది. ముసలాయన దానివైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నాడు.

“గింత అన్నం ఎట్ల తమ్మీ?” అన్నాడు గంగారాం నాతో. ఆయన నెల తిరక్కుండానే ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు జగిత్యాలలో పెళ్ళిళ్ళకు వండుతాడు, కూరలో ఎండునిమ్మకాయ వేసి పెద్దోళ్ళతో తిట్లు తింటాడు. ఆ రోజు మాత్రం ఆయన కూడా ముద్దను పళ్ళెంలోనే అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నాడు.

ఫహద్ మెల్లగా అన్నాడు, “ఖాలీ, ఇవాళ ఎవరూ రారేమో.”

“తినేవాళ్ళు తినండి,” అన్నాడాయన.

అప్పుడు గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. భారీ మనిషి, చేతికర్రతో లోపలికి వచ్చాడు. ఫహద్ నోరు తెరుచుకుంది. నా చెవిలో చెప్పాడు. అబూ ఖలీఫా అట. మామ తనకు కుంటి డేగను అంటగట్టాడని ఏళ్ళ తరబడి ఆయనతో మాటలు మానేసినవాడట. ఆయన సలాం చెప్పి, పళ్ళెం దగ్గర, వీధిలో పోయేవాళ్ళకు కనిపించేట్టు గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాడు. ఎవరితో మాట్లాడలేదు. పెద్ద పెద్ద ముద్దలు చేసుకుని కడుపునిండా తిన్నాడు. వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు.

“ఉప్పెక్కువైంది,” అన్నాడు.

“నువ్వు తిన్నదాన్ని బట్టి అలా అనిపించలేదు,” అన్నాడు అబూ సాలిం.

“సూక్ బజార్లో నీ గురించి ఏమనుకుంటున్నారో తెలుసా? వేటగాడే వేటగాణ్ణి పట్టించాడంటున్నారు.”

“నువ్వేమన్నావు?”

“దొంగను పట్టించాడన్నాను. ప్రతి అంగడి ముందూ ఆగి అదే చెప్పుకుంటూ వచ్చాను. నోరెండిపోయింది. చాయ్ పోయ్.”

అబూ సాలిం లేచాడు. పోస్తుంటే చాయ్ సగం తివాచీ మీద పడింది. నేనూ గంగారాం గోడకున్న గడియారం వైపు చూస్తూ కూర్చున్నాం.

“వచ్చే శుక్రవారం నా డేగను కూడా తెస్తాను,” అన్నాడు అబూ ఖలీఫా గ్లాసు అందుకుంటూ. “ఇద్దరం సూక్ మధ్యలోంచి నడిచి వెళ్దాం. పట్టపగలు, అందరూ చూసేట్టు.”

ముసలాయన ఎర్రగడ్డం నిమురుకున్నాడు.

“పొద్దున్నే బయల్దేరు,” అన్నాడు. “నీ డేగ నడక నాకు తెలుసు.”